మేకలు చేన్లో పడిన రోజు

పోయిన నవంబరులో ఒక ఆదివారం అవ్వకు జ్వరం వస్తే మేకలను నేనే తోలుకుపోయాను. ఏడు మేకలు. మా సంగనకల్లు పక్కన హిరేగుడ్డలో నల్లరాళ్ల మీద ఎద్దుల బొమ్మలుంటాయి. కొత్తరాతి యుగం నాటినుంచి మనుషులు రాతితో రాతిని పొడిచి చేసినవి. వాటిలో పొడుగు కొమ్ముల ఎద్దును రఫ్ నోటులో దించుకుందామని కూర్చున్నాను.

మొదట కొమ్ము కుదరలేదు. చెరిపి మళ్లీ వేశాను. మూపురం సరిగ్గా వచ్చేసరికి వెనక కాళ్లు చిన్నవైపోయాయి. మళ్లీ చెరిపాను. ఆకలి లేదు, దప్పిక లేదు, నీడ ఎప్పుడు జరిగిందో కూడా తెలియలేదు. ఎవరో కేక వేస్తే తలెత్తాను. మేకలు కింద జొన్నచేన్లో ఉన్నాయి!

చేనాయనకు అవ్వ మూడు వందలు ఇచ్చింది. అవి మందులకు దాచుకున్నవని నాకు తెలుసు. "ఏమే, కండ్లు యాడ పెట్టుకున్నావ్?" అని మాత్రం అడిగింది.

లెక్కల పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోలేని నేను ఆ ఎద్దు ముందు మూడు గంటలు ఎట్లా కూర్చున్నాను? మా టీచరును అడిగితే మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త గురించి చెప్పారు. (ఆ పేరు పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది.) ఆయన చదరంగం ఆడేవాళ్లను, కొండలెక్కేవాళ్లను అడిగి తెలుసుకున్నారట. 1990లో 'ఫ్లో' అనే పుస్తకం రాశారు. పని మరీ సులువైతే విసుగు, మన చేతకు మించితే భయం. రెండిటికీ మధ్యలో ఉండి, చేసింది కుదిరిందో లేదో అప్పటికప్పుడు కనబడుతుంటే మనసు అందులోనే మునిగిపోతుంది.

హిరేగుడ్డ మీద రాతిగొడ్డళ్లు చేసిన చోటు కూడా ఉంది. 1940లలో బెండపూడి సుబ్బారావుగారు సంగనకల్లులో తవ్వకాలు చేశారు. గొడ్డలి చేసేవాడు ఒక దెబ్బకు పెచ్చు ఎట్లా లేచిందో చూసుకొనే ఇంకో దెబ్బ వేయాలి కదా. వానికీ పొద్దు తెలిసి ఉండదు. వాళ్లూ పశువులు మేపినవాళ్లే. మరి అప్పుడు వాటిని ఎవరు చూసుకున్నారో!

లెక్కల్లో నాది విసుగు కాదు, భయం. అందుకే సిగ్గుపడకుండా ఎనిమిదో తరగతి పుస్తకం తీసి బీజగణితం మొదటినుంచి చేస్తున్నాను. మొన్న రాత్రి పొయ్యి మీద అన్నం మాడింది. అవ్వ తిట్టింది. పదిలో తొమ్మిది లెక్కలు సరిపోయాయి.

గుడ్డకు పోతే ఇప్పుడు పెద్దమేక తాడు నా కాలికి కట్టుకుంటున్నాను. అది కదలకుంటే మిగతావి దూరం పోవు. ఎద్దు వెనక కాళ్లు మాత్రం ఇంకా కుదరలేదు.