వేడి వేడి ఉలవచారు

తెనాలి వాళ్లకు తిండి సంగతి చెప్పబోవడం సాహసమే. ఆంధ్రా ప్యారిస్ అని పేరు తెచ్చుకున్న ఊరాయె! అక్కడ ఓ సందులో ఈమధ్య నాలుగైదు బల్లలతో చిన్న హోటలు వెలిసింది. గోడలకు చేటలు, జల్లెళ్లు, మూలన ఓ తిరగలి. మనం అటకెక్కించిన సామానంతా అక్కడ అలంకారమన్నమాట. వంటలూ అంతే. పాతవే, కొత్తచీర కట్టుకున్నాయి.

రేపల్లె నుంచి మా పెద్దమ్మ వస్తే తీసుకెళ్లాను. బాపట్ల నుంచి చెల్లెలూ వచ్చి కలిసింది. వంటల పట్టీ వినిపించగానే పెద్దమ్మ ముక్కున వేలేసుకుంది.

"కొర్రల పులిహోరా? కాలవ నీళ్లు పారే ఊళ్లో కొర్రలేమిటే అమ్మాయ్?"

చెల్లెలు బాపట్ల కోడలు కదా, వెంటనే అందుకుంది. "అవును మరి! సాంబమసూరి మా ఊరి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. 1986లో విడుదల చేశారు" అంది, తనే పండించినట్టు.

సన్నబియ్యం మరిగాక కొర్రలనీ సామలనీ మెట్ట ఊళ్ల తిండి అంటూ చిన్నచూపు చూసినవాళ్లమే మనం. ఐక్యరాజ్యసమితి 2023ని చిరుధాన్యాల సంవత్సరం అన్నాక, డాక్టర్లూ వంత పాడాక, అవే దర్జాగా బల్లమీదికి వచ్చాయి.

అంతలో మట్టిపిడతలో ఉలవచారు వచ్చింది, పైన మీగడ తరకతో. ఖరీదు చూసి చెల్లెలు గుండె పట్టుకుంది.

"ఈ డబ్బుతో రెండు కిలోల ఉలవలొస్తాయి!"

"ఉలవలొస్తాయి. కాచే మనిషి వస్తుందా?" అంది పెద్దమ్మ.

రాత్రి నానేసి, తెల్లవారుజామున కుండ పొయ్యెక్కించి, గంటల తరబడి ఉడికించాలి. గుగ్గిళ్లు ఎడ్లకు, కట్టు మనకు. దాంట్లో చింతపండు పులుసు పోసి, చిక్కబడేదాకా పొయ్యి ఊదుకుంటూ కూచోవాలి. అలా కూచున్న మనిషి కష్టానికి ఏ ఇంటి పద్దులోనూ ఖరీదు రాసిన పాపాన పోలేదు. ఇక్కడ మాత్రం అది బిల్లులో కనిపిస్తోంది.

పెద్దమ్మ అన్నంలో కలుపుకుని ఓ ముద్ద తిని, కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది. "యాభై ఏళ్లు కాచాను గానీ, ఇంత వేడిగా తినడం ఇదే మొదలే."

నిజమే. మగవాళ్లు, పిల్లలు, పాలేళ్లు, చుట్టాలు అందరూ లేచాక, ఆవిడ వంతుకు మిగిలేది అడుగంటిన చల్లటి చారే.

వడ్డించే కుర్రాడు వచ్చి, "ఇంకాస్త వెయ్యమంటారా మామ్మగారూ?" అన్నాడు. ఎవరినో అడుగుతున్నాడనుకుని పెద్దమ్మ వెనక్కి తిరిగి చూసింది!

హోటలు రుచి ఇంటికి రాదంటారు. రాకపోతే పోనీండి. కాచినావిడను ముందు కూచోబెట్టి, మారు వడ్డించే పద్ధతి మాత్రం తెచ్చుకోవచ్చుగా? దానికి మట్టిపిడతా అక్కర్లేదు, మీగడా అక్కర్లేదు. ఆదివారం ఒక్కపూట మీవారి చేతికి గరిటె ఇచ్చి చూడండి!