అమ్మ ప్రయారిటీ ఎంత?

ఆపరేటింగ్ సిస్టమ్స్‌లో షెడ్యూలింగ్ అనగానే మనందరికీ గుర్తొచ్చేది గాంట్ చార్టులే. గళ్లు గీసి, యావరేజ్ వెయిటింగ్ టైమ్ లెక్కకట్టి, మార్కులు తెచ్చుకుని మర్చిపోతాం. కానీ ఆ చాప్టర్‌కి సంబంధించిన ఒక కథ మాత్రం నా బుర్రలోంచి పోవడం లేదు.

1997 జులై 4న నాసా వాళ్ల మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద దిగింది. కొన్నాళ్లకే అందులోని కంప్యూటర్ తనంతట తనే రీసెట్ అవడం మొదలైంది. హార్డ్‌వేర్ బాగానే ఉంది. చిక్కంతా టాస్కుల వరసలో ఉంది. వాతావరణం కొలతలు చూసే చిన్న టాస్క్ ఒక లాక్ పట్టుకుని ఉండేది. డేటా బస్‌ని నడిపే పెద్ద టాస్క్ ఆ లాక్ కోసం ఆగేది. ఈలోగా మధ్యస్థాయి కమ్యూనికేషన్ టాస్క్ వచ్చి, చిన్నదాన్ని పక్కకి నెట్టి తన పని చేసుకునేది. చిన్నది కదలదు, లాక్ వదలదు, పెద్దది ఎదురుచూస్తూనే ఉంటుంది. చివరికి వాచ్‌డాగ్ టైమర్ మొత్తాన్నీ రీసెట్ చేసేసేది. దీన్నే ప్రయారిటీ ఇన్వర్షన్ అంటారు.

ఇది చదువుతుంటే నాకు మా వంటిల్లే కనిపించింది. పొద్దున్నే తమ్ముడి క్యారేజీ అన్నిటికంటే అర్జెంట్ పని. అది ఉన్నది అమ్మ చేతిలో. కానీ "కాఫీ ఏదీ?", "నా కళ్లజోడు చూశావా?" అని ఎవరు పిలిచినా అమ్మ వెళ్లాల్సిందే. తీరా ఆటో వచ్చాక "ఇంకా అవలేదా?" అని విసుక్కునేదీ ఆ పిలిచినవాళ్లే.

మరి దీన్ని సరిచేయడం ఎలా? చిన్న టాస్కుని శాశ్వతంగా పైకి ఎక్కిస్తే అసలు ముఖ్యమైనవి వెనకబడతాయి. షెడ్యూలర్‌నే కాసేపు ఆపేస్తే, ఆ లాక్‌తో సంబంధం లేని అర్జెంట్ పనులూ ఆగిపోతాయి. అందుకే ఇంజినీర్లు భూమ్మీద నుంచే వీఎక్స్‌వర్క్స్‌లో ప్రయారిటీ ఇన్హెరిటెన్స్ ఆన్ చేశారు. లాక్ పట్టుకున్నంతసేపూ చిన్న టాస్కుకి, తనకోసం ఆగినదాని హోదా వస్తుంది. మధ్యలోవి దాన్ని కదపలేవు. లాక్ వదలగానే మళ్లీ పాత హోదా.

కోడ్‌లో ఇది చక్కటి పరిష్కారం. ఎంత అవసరమో అంతే, ఎంతసేపు అవసరమో అంతసేపే. కానీ ఆ ఆఖరి స్టెప్ దగ్గర నాకు మనసొప్పడం లేదు. క్యారేజీ మూత పెట్టగానే అమ్మ మళ్లీ అందరికంటే కింది వరసలోకి వెళ్లిపోవాలా?

పాత్‌ఫైండర్‌లో ఏ టాస్కుకి ఏ ప్రయారిటీ అన్నది ప్రోగ్రామర్లు ఆలోచించి పెట్టారు. మా ఇంట్లో అమ్మకి ఎవరూ ఆలోచించి పెట్టలేదు, డిఫాల్ట్‌గా వచ్చేసింది. డిఫాల్ట్‌ని మార్చొచ్చని మనకి ఫస్ట్ సెమిస్టర్‌లోనే చెప్పారు కదా!