లదోలెమొనో అను ద్వంద్వ సమాసము

తెలుగు పంతులుకు కోడిమాంసంతో ఏమి పని అని మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. కనుక ముందే మనవి చేసుకుంటున్నాను. మాది మాంసాహారుల కుటుంబమే. ఓరియంటల్ కళాశాలలో భాషాప్రవీణ చదివే రోజుల్లో ఆ సంగతి సహాధ్యాయుల దగ్గర దాచిన మాట నిజం. ఆదివారం ఇంటికి వెళ్ళి వచ్చిన సాయంత్రం చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కొని గాని పుస్తకం ముట్టేవాణ్ణి కాదు. పాపభీతి వల్ల కాదు సుమండీ, పక్కవాడు వాసన పట్టేస్తాడేమోనని. ఉద్యోగ విరమణ చేసి ఏళ్ళు గడిచాయి. ఇప్పుడిక దాచి ఏమి ప్రయోజనం?

దాచకుండా చెప్పవలసిన సంగతి మరొకటి ఉంది. ముప్పయ్యారేళ్ళ సంసారంలో నేను వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళినది మంచినీళ్ళకు, అగ్గిపెట్టెకు తప్ప మరి దేనికీ కాదు. 2021లో నా భార్య కాలం చేసింది. ఆ తరువాత అన్నం వండుకోవడం, చారు పెట్టుకోవడం నేర్చుకున్నాను. కోడికూర జోలికి పోలేదు. అది ఆమె వంట. ఆమెతోనే పోయిందని ఊరుకున్నాను.

2023 జూన్‌లో మా అబ్బాయి బలవంతం మీద మెల్‌బోర్న్ వెళ్ళాను. వాళ్ళ ఇల్లు ఓక్లీ అనే పేటకు సమీపంలో ఉంది. ఆ పేట నడిబొడ్డున నిలబడితే మనమున్నది ఆస్ట్రేలియానా, గ్రీసు దేశమా అని సందేహం కలుగుతుంది. అంగళ్ళ మీద గ్రీకు లిపి. వీధిలో వేసిన కుర్చీల్లో గ్రీకు వృద్ధులు ఒక్క కాఫీ ముందు పెట్టుకొని పూటంతా గడిపివేస్తుంటారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత, ముఖ్యంగా 1950లలోను 60లలోను, ఓడలెక్కి వచ్చి ఆ నగరంలో స్థిరపడినవారూ, వారి సంతతీను. అబ్బాయి పక్కింట్లో ఉన్నది అటువంటి ఒక వృద్ధురాలే. ఎనభై దాటిన మనిషి. భర్త పోయి పదేళ్ళు దాటినా నఖశిఖపర్యంతం నల్లబట్టలే. వాళ్ళలో వైధవ్యానికి నలుపు; మా అమ్మమ్మకు తెలుపు. రంగు మారింది గాని ఆ పట్టుదల ఒకటే అనిపించింది. మా మనుమడు ఆమెను యాయా అంటాడు. గ్రీకులో అమ్మమ్మకూ, నాయనమ్మకూ అదే మాటట. నేనూ యాయా అనే పిలవసాగాను, వయసులో నాకంటే పెద్దదే కదా అని.

అక్కడ జూన్ అంటే చలికాలం. ఆమె పెరటిలో నిమ్మచెట్టు విరగకాసి ఉంది. మన నిమ్మకాయ కాదు అది; పసుపుపచ్చగా, బత్తాయి సగం పరిమాణంలో, కొసన చిన్న ముచ్చికతో ఉంటుంది. తొక్క మందం, పులుపు మన నిమ్మ కంటే ఒక పిసరు తక్కువ, పరిమళం ఎక్కువ. కంచె మీదుగా రోజూ నాలుగు కాయలు అందించేది. ఒకనాడు వాటితోపాటు అల్యూమినియం రేకు కప్పిన పళ్ళెం కూడా అందించింది. బంగాళాదుంపలతో కలిపి ఓవెన్‌లో కాల్చిన కోడి. కారం లేదు, అల్లం లేదు, మసాలా లేదు. మొదటి ముక్క నోట పెట్టగానే, పాపం ఈ తల్లికి వంట రాదు కాబోలు అనుకున్నాను. మూడో ముక్కకు నా తొందరపాటుకు సిగ్గుపడ్డాను. పులుపు, ఉప్పు, ఏదో కొండగాలి వంటి ఘాటు. అంతే. కోడి రుచి కోడికి ఉంది. మన కూరలో ముక్క ఏదైనా మసాలాయే ఏలుతుంది. ఇక్కడ ఆ దొరతనం లేదు.

దాని పేరేమిటని అడిగాను. అరవయ్యేళ్ళు ఆ దేశంలో ఉన్నా ఆమె ఇంగ్లీషు ముక్కముక్కలుగానే వస్తుంది. నాది బడి ఇంగ్లీషు. ఇద్దరికీ సరిపోయింది. కోడిని కొతోపులో అంటారట. కోత అంటే పెట్ట, పులో అంటే పిల్ల. నేను కుర్చీలోంచి లేవబోయి ఆగాను. కోత - కోడి, పులో - పిల్ల! ఇంతకంటే తక్కువ సామ్యం మీద గ్రంథాలు రాసినవారిని ఎరుగుదును. ఇది వట్టి ధ్వనిసామ్యం, జ్ఞాతిత్వం కాదు. ఆ 'పులో' లాటిన్‌లోని 'పుల్లుస్' అనే మాట నుంచి వచ్చినదంటారు. అయినా ఆ సాయంత్రమంతా ఒక్కణ్ణీ నవ్వుకున్నాను.

కోడికి పట్టించే ఆ ద్రవ్యం పేరు లదోలెమొనో. లాది అంటే నూనె, లెమొని అంటే నిమ్మ. నూనెయును నిమ్మయును, నూనెనిమ్మలు. సాక్షాత్తూ ద్వంద్వ సమాసం! ముప్పయ్యేళ్ళు పిల్లలకు రామలక్ష్మణులు, కూరగాయలు అని నూరిపోసినవాడికి పరాయి గడ్డ మీద, పరాయి వంటింట్లో ద్వంద్వం ఎదురుపడితే ఆనందం కాదా? ఉభయపదార్థ ప్రాధాన్యం ఆ గిన్నెలో కంటికి కనిపిస్తుంది. నూనె అధికమైతే జిడ్డు, నిమ్మ అధికమైతే కటువు.

ఇంగ్లీషువారు దీన్ని మారినేడ్ అంటారు. ఆ మాటలో సముద్రం ఉంది. ఉప్పునీట నానవేయడమని మూలార్థం. తెలుగులో దీనికి మాట లేదని మా కోడలు అంది. లేకేమి? ధాన్యాన్ని నానవేస్తాం, కాయల్ని ఊరవేస్తాం, మాంసానికి ఉప్పూకారం 'పట్టిస్తాం'. పట్టు ధాతువుకు ప్రేరణార్థకం. ముక్క తనంతట తాను పట్టుకోదు, మనం పట్టించాలి. ఇంత చక్కని మాట మరొకటి ఏముంటుంది?

ఇక ప్రయోగానికి పూనుకున్నాను. అబ్బాయి, కోడలు ఉద్యోగాలకు వెళ్ళాక ఇల్లంతా నాదే. ఆమె చెప్పిన ద్రవ్యాలన్నీ సమకూర్చుకున్నాను గాని, పండితుడికి సహజమైన అహంకారం కొద్దీ రెండు సవరణలు చేశాను. పసుపు లేకుండా మాంసమేమిటని చిటికెడు పసుపు, నలుగురికీ నచ్చాలని ఒక చెంచా కారం. రెండు గంటలే నానాలని ఆమె రెండు వేళ్ళు చూపించింది. రెండు గంటలకే అంత రుచి వస్తే రాత్రంతా ఉంచితే ఇంకెంత రావాలని సాయంత్రం ఆరింటికి కలిపి ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు ఉదయం పదింటికి తీశాను. పదహారు గంటలు. ముక్కలు పైన తెల్లగా పాలిపోయి ఉన్నాయి, ఉడికినట్లు. కాల్చాక పైభాగం పిండిపిండిగా రాలింది, లోపల బిరుసు. మనుమడు మర్యాదస్తుడు. "బాగుంది తాతయ్యా" అని ఒక ముక్క తిని, పెరుగన్నం అడిగాడు.

యాయాకు ఒక ముక్క రుచి చూపించాను. చూపించకుండా ఉండవలసింది. పసుపు రంగును చూసి ఒకసారి, నన్ను చూసి ఒకసారి తల అడ్డంగా ఊపింది. తరువాత నా చేయి పట్టుకొని తన గ్యారేజీలోకి తీసుకువెళ్ళింది. అక్కడ కారు లేదు. రెండో పొయ్యి, పెద్ద బల్ల ఉన్నాయి. దూలానికి తలకిందులుగా కట్టిన ఎండు కొమ్మల కట్టలు వేలాడుతున్నాయి. రీగని. ఇంగ్లీషులో ఒరెగానో. డిసెంబరు, జనవరి నెలల్లో, అంటే వాళ్ళ వేసవిలో, పూత మీద ఉన్నప్పుడు కోసి నీడన ఆరవేస్తారట. ఒక కొమ్మ తీసి నా అరచేతిలో పెట్టి, రెండు చేతుల మధ్య నలపమని సైగ చేసింది. నలిపితే వామువాసన! మా పెరటి వాసన! ఆ సంగతికి మళ్ళీ వస్తాను.

ఆ రోజు ఆమె చేస్తుంటే పక్కన నిలబడి కాగితం మీద రాసుకున్నాను. కిలో కోడి, తొడముక్కలు, ఎముకతో సహా. ఒలీవ నూనె సుమారు 100 మిల్లీలీటర్లు. (ఆలివ్ అనడం కంటే మన తెలుగు బైబిలులోని 'ఒలీవ' నాకు ఇంపుగా ఉంటుంది.) రెండు నిమ్మకాయల రసం, ఒక కాయ పైతొక్క తురుము, తెల్లభాగం తగలరాదు, చేదు దిగుతుంది. ఆరు వెల్లుల్లి రెబ్బలు ఉప్పుతో కలిపి నూరాలి. ఉప్పు ఒకటిన్నర చెంచా, మిరియాలపొడి ఒక చెంచా, నలిపిన రీగని రెండు చెంచాలు. గాజు గిన్నెలో కలపాలి. పులుపుకు అల్యూమినియం పనికిరాదు. ఫ్రిజ్‌లో రెండు నుంచి నాలుగు గంటలు. తరువాత ఓవెన్‌లో 200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ముప్పావు గంట. పైన పోసుకోవడానికి కొంత లదోలెమొనో ముందే వేరే తీసి ఉంచాలి. పచ్చిమాంసం నానిన రసాన్ని మరిగించకుండా వాడితే కడుపుకు చేటు.

నా పదహారు గంటల తప్పు ఏమిటో తరువాత అబ్బాయి విడమరచి చెప్పాడు. నిమ్మలోని ఆమ్లం మాంసకృత్తులను పొయ్యి అవసరం లేకుండానే బిగుసుకునేట్లు చేస్తుంది. అందుకే పైన పాలిపోవడం. లోపలిదాకా పోయేది ప్రధానంగా ఉప్పే. వెల్లుల్లి, రీగని పరిమళాలు నూనెలో కరిగి ముక్క పైనే నిలుస్తాయి. ఎన్ని గంటలు ఉంచినా అవి అంతకంటే లోపలికి దిగవు. పెరుగులో ఆమ్లం తక్కువ కనుక రాత్రంతా ఉంచినా ముక్క చెడదు.

ఆ గిన్నెలోకి చూస్తూ ఇంకొక సంగతి గమనించాను. కోడి ఆగ్నేయ ఆసియా అడవుల నుంచి మచ్చికైన పక్షి. నిమ్మజాతి పుట్టిల్లు హిమాలయ పాదప్రాంతమంటారు. మిరియం మలబారు తీరంది. గ్రీకువారు మిరియాన్ని పిపేరి అంటారు, ప్రాచీనులు పెపెరి అన్నారు. అది మన 'పిప్పలి' నుంచి వెళ్ళిన మాటే. వాళ్ళ గడ్డ మీద పుట్టినవి ఒలీవ, రీగని. ఇటు మనం మన ప్రాచీన రుచి అని గర్వపడే ఎర్ర మిరపకాయ పోర్చుగీసువారి ఓడల్లో అమెరికా ఖండం నుంచి దిగినది. ఎవరి వంటను ఎవరు పరాయిదనాలో నాకు బోధపడలేదు.

ముక్కలు నానుతున్న ఆ రెండు గంటల్లో యాయా కాఫీ ఇచ్చి, ఉన్నట్టుండి అడిగింది. "నీ భార్య, కోడి, ఎలా?"

ఉపాధ్యాయుడు ప్రశ్నకు తడబడకూడదు. "పెరుగు, పసుపు, కారం" అన్నాను వెంటనే. "ఎంతసేపు?" అంది. చెప్పలేకపోయాను. "పెరుగు ముందా, కారం ముందా?" తెలియదు. ముప్పయ్యారేళ్ళ ఆదివారాలు. ఆమె ముక్కలకు ఏదో పట్టించి, గిన్నె మీద మూత పెట్టి, స్నానానికి వెళ్ళడం మాత్రం కళ్ళకు కట్టినట్లుంది. నేను వరండాలో పత్రిక చదువుతూ ఉండేవాణ్ణి. ఆమె గాజుల చప్పుడు గిన్నెకు తగలడం చెవుల్లో ఉంది. గిన్నెలో ఏముందో తెలియదు. యాయా ఇంకేమీ అడగలేదు. కప్పులు తీసుకొని లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి తెనాలిలో ఉన్న మా మరదలికి ఫోన్ చేశాను. "ఏమమ్మా, మీ అక్క కోడికి పెరుగు ఎంత వేసేది?" అని అడిగాను.

అవతల కొంతసేపు మాట లేదు. "అక్క పెరుగు ఎక్కడ వేసేది బావగారూ? పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి వేసిందట. పులిసిన పెరుగు వాసన వస్తోందని మీరు కంచం ముందు నుంచి లేచిపోయారట. అప్పటినుంచి నిమ్మకాయే. ఉప్పు, పసుపు, నిమ్మరసం, కాస్త నువ్వులనూనె పట్టించి గంటసేపు ఉంచేది. మీరు అడుగుతారేమోనని, పెరుగే అని చెప్పమని నాక్కూడా చెప్పింది. మీరెప్పుడూ అడగలేదు."

నేను కంచం ముందు నుంచి లేచిపోయిన మాట నాకు జ్ఞాపకం లేదు. లేచే ఉంటాను.

నూనె, నిమ్మ! మరునాడు కంచె దగ్గర నిలబడి యాయాకు చెప్పాను, పెరుగు కాదు, లదోలెమొనో అని. ఆమె నవ్వలేదు. రెండు చేతులూ గుండె మీద పెట్టుకొని కొంతసేపు నిలబడి, చెట్టు దగ్గరకు వెళ్ళి మరి రెండు కాయలు కోసి తెచ్చి ఇచ్చింది.

నవంబరులో తిరిగి వచ్చాను. ఒలీవ నూనె ఒకప్పుడు మా ఊళ్ళో మందుల దుకాణంలో, పసిపిల్లల ఒంటికి రాయడానికి, చిన్న సీసాల్లో దొరికేది. ఇప్పుడు సూపర్‌మార్కెట్‌లో లీటరు డబ్బాలున్నాయి, ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. పసుపుపచ్చ నిమ్మ దొరకదు. మన కాయ పులుపు ఎక్కువ కనుక రసం కొంచెం తగ్గించాను. రీగనికి మాత్రం వెతుక్కోలేదు. పెరటి మెట్ల పక్కన కుండీలో నా భార్య నాటిన వామాకు మొక్క ఉంది, వర్షాకాలం బజ్జీలకని వేసుకున్నది, కర్పూరవల్లి అని కొందరంటారు. ఒరెగానోకూ దీనికీ ఘాటునిచ్చే పదార్థం, కార్వాక్రాల్, ఒకటే. ఆమె పోయాక ఆ మొక్కకు ఎవరూ నీళ్ళు పోయకపోయినా చావలేదు. నాలుగు ఆకులు సన్నగా తరిగి వేశాను. మరీ ఎక్కువ వేస్తే దగ్గు కషాయమవుతుంది, ఆ తప్పూ ఒకసారి చేశాను. ఓవెన్ లేదు, మూకుడులో సన్నసెగ మీద మూతపెట్టి మగ్గించి, చివర మూత తీసి ఎర్రగా వేయించాను. ఒలీవ నూనెకు బదులు మరోసారి నువ్వులనూనె వేసి, చిటికెడు పసుపు కూడా కలిపి, సరిగ్గా గంటసేపు ఉంచి చూశాను.

ఆ రెండోది తినడానికి మొన్న ఆదివారం మరదలిని పిలిచాను. ఒక ముక్క నోట్లో వేసుకొని చాలాసేపు నమిలింది.

"ఉప్పు చాల్లేదు బావగారూ" అంది. "అక్క ఇంకో అర చెంచా వేసేది."