అద్దెకున్నవారు

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి క్రిములతో పనేమిటని మీరడగవచ్చు. మా అమ్మాయి మైక్రోబయాలజీ చదువుతోంది. రాత్రి భోజనాల దగ్గర పులుసుతోపాటు సూక్ష్మజీవులనూ మాకు వడ్డిస్తుంది.

మొన్న ఒక కథ చెప్పింది. 1992లో ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డులో, నీటిని చల్లబరిచే గోపురంలోని అమీబాలలో ఏదో కనిపించిందట. మామూలు సూక్ష్మదర్శినికే ఆనేంత పెద్దది గనుక బాక్టీరియా అనుకున్నారు. 2003లో గాని అది మహా వైరస్ అని లోకానికి తెలియలేదు. మిమివైరస్ అని పేరు పెట్టారు.

"ఆశ్రితుడనుకుంటే దొంగ అన్నమాట!" అన్నాను.

"దీనికి ఎదురు కథ కూడా వుంది, నాన్నా" అంది.

సముద్రంలో కంటికానని నాచుకణం ఒకటి. దానిలో, గాలిలోని నత్రజనిని కణానికి పనికివచ్చేటట్టు మార్చిపెట్టే బాక్టీరియా కాపురముంటోందని అనుకునేవారట. 1998లో జొనాథన్ జెహర్ అనే శాస్త్రజ్ఞుడికి పసిఫిక్ నీళ్లలో దాని జాడ దొరికింది. అది వండిపెడుతుంది, కణం నీడనిస్తుంది; బేరం కుదిరిందనుకున్నారు. 2024లో తేలిందేమిటంటే, కణం రెండయినప్పుడల్లా అదీ వెంట చీలుతోంది. దానికి కావలసిన ప్రోటీనులు కొన్ని కణమే తయారుచేసి పంపుతోంది. ఇంకేం అద్దె? కణంలో అవయవమే అయిపోయింది! నైట్రోప్లాస్ట్ అన్నారు.

"మజ్జిగ పొయ్యనా?" అంటూ మా మేనత్త వచ్చింది. నాకు ముద్ద దిగలేదు.

భర్త పోయాక మా నాన్నగారు ఆవిణ్ణి తీసుకొచ్చి ముప్ఫయ్యేళ్లయింది. అమ్మాయికి లాలపోసి పెంచింది ఆవిడే. ఆ ఉదయమే ఎవరో వివరాలు రాసుకోవడానికి వచ్చి, యింట్లో ఎందరని అడిగితే, "ముగ్గురం. మా అత్త మా దగ్గర వుంటుంది, అంతే" అన్నాను. ఆవిడ చాటలో బియ్యం ఏరుతూ అక్కడే వుంది. తలెత్తలేదు. వేళ్లు మాత్రం ఒక్క క్షణం ఆగాయి.

మర్నాడు పక్కవీధిలో ఆ కుర్రవాణ్ణి పట్టుకున్నాను. "మా లెక్క తప్పు. నలుగురం, దిద్దుకో నాయనా" అన్నాను.

అతను కాగితాలు తిరగేసి నవ్వాడు. "నలుగురనే రాశానండీ. మీరు లోపలికి వెళ్లాక మంచినీళ్లిచ్చింది ఆవిడేగా! యింటివాళ్లు కాకపోతే ఎలా తెలుసు, నాకు దాహంగా వుందని?"

ఆ మాట అత్తయ్యతో చెప్పడానికి నాకింకా మొహం చెల్లలేదు.