మూత కింద రబ్బరు

సముద్రపు నీటితో చల్లబడే ఇంజనున్న చాలా బోట్లలో పంపుకి ముందు ఒక వడపోత డబ్బా ఉంటుంది. బోటు అడుగునున్న వాల్వు గుండా వచ్చిన నీరు నాచునీ ప్లాస్టిక్ ముక్కల్నీ దాని జాలిలో వదిలేసి ముందుకు సాగుతుంది. ఆ డబ్బా మూత కింద ఉండే రబ్బరు ప్యాకింగ్ అంటే నాకు ఎనలేని గౌరవం.

పంపు నీటిని పీల్చే దారిలో ఉంటుంది ఈ డబ్బా. నీటిమట్టానికి పైనున్న మూతలో ప్యాకింగ్ చెడితే చుక్క నీరు కారదు, గాలి లోపలికి దూరుతుంది. పంపులోని రబ్బరు ఇంపెల్లర్‌కి నీరే కందెన. అది అందకపోతే కాసేపట్లోనే రెక్కలు చిరిగిపోతాయి, ఆ వెనకే ఇంజను కాగిపోతుంది. మూత నీటిమట్టానికి కిందుంటే నీరు నేరుగా బోటులోకే వస్తుంది.

దుకాణంలో చాలామంది షీటు మందం, గట్టితనం చూసి కొంటారు. నేను చూసేది ఒక్కటే: నొక్కితే అణిగి, వదిలితే లేస్తుందా? సిలిండర్ హెడ్ గ్యాస్కెట్ ఒకసారి బిగిస్తే ఏళ్లపాటు కదలదు. ఈ మూతని మాత్రం జాలి కడిగిన ప్రతిసారీ తెరవాలి, మూయాలి. అందుకే కాగితం షీటు ఇక్కడ నిలవదు. కార్కు ఎండినప్పుడల్లా కుంచించుకుపోతుంది. ట్యూబులోంచి పిండే సిలికాన్ పేస్టుని తెరిచినప్పుడల్లా గీకి పారేయాల్సిందే.

మిగిలేవి రబ్బర్లు. ఈపీడీఎం ఉప్పునీటికీ ఎండకీ బ్రహ్మాండంగా ఆగుతుంది, కానీ డీజిలో మామూలు గ్రీజో తగిలితే ఉబ్బిపోతుంది. దానికి సిలికాన్ గ్రీజే రాయాలి. నైట్రైల్ నూనెకి లొంగదు, ఎండకీ ఓజోన్‌కీ మాత్రం పగుళ్లిస్తుంది. 1930లలో డ్యుపాంట్ కంపెనీ మార్కెట్లోకి తెచ్చిన నియోప్రీన్ ఈ రెండు గుణాల్నీ తగుమాత్రంగా కలుపుకుంది. డీజిలు చేతులతోనే అన్ని పనులూ జరిగే ఇంజను గదికి నా ఓటు దానికే. డబ్బా గాడికి సరిపడే మందం, మరీ గట్టిగా లేని మెత్తదనం చాలు. మూత చేత్తో బిగించాలి. స్పానర్ వేస్తే అద్దంలాంటి ప్లాస్టిక్ డబ్బా చిట్లుతుంది.

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్లకి వేట నిషేధం. రంగులు వేయడం, వలలు బాగుచేయడం, ఇంజను విప్పడం అప్పుడే. ఆ రోజుల్లో వాల్వు మూసి, ఈ మూత బిగువు కాస్త వదులు చేయాలి. నెలల తరబడి నొక్కిపెడితే ఎంత మంచి రబ్బరైనా లేవడం మరిచిపోతుంది. మళ్లీ వేటకు దిగేముందు గోటితో నొక్కి చూడాలి. గుంట అలాగే నిలిచిపోతే మార్చేయాలి, కొలతకి కోసిన ఇంకో ప్యాకింగ్ బోటులో దాచుకోవాలి. వలకీ డీజిలుకీ పెట్టే ఖర్చు ముందు దీని ధర లెక్కలోకే రాదు. కానీ తీరం కనబడని దూరంలో సరంగునీ కలాసీల్నీ వెనక్కి తెచ్చే ఇంజను దీన్ని నమ్ముకునే తిరుగుతుంది.