పెట్టె ఎందుకు ఆగిందంటే

2018 ఖరీఫ్‌లో వాన ముఖం చాటేసింది. దాని వెనకే వచ్చిన వేసవిలో, సోలార్ పంపుల మరమ్మతు చూసే నాకు కల్యాణదుర్గం, బెళుగుప్ప, కంబదూరు వైపు నుంచి తెల్లవారకముందే ఫోన్లు మొదలయ్యేవి. అందరిదీ ఒకటే మాట: "పెట్టె మళ్లా నిలబడిపాయ సార్."

పెట్టె అంటే డ్రైవ్. సోలార్ పలకల నుంచి వచ్చే డీసీ కరెంటును మూడు ఫేజుల ఏసీగా మార్చి, ఎండ ఎంతుంటే మోటరును అంత వేగంతో తిప్పుతుంది. ఎండ నిండుగా ఉంటే 50 హెర్ట్జ్. పొద్దున్నే, మబ్బు పట్టినప్పుడు అందులో సగం దాటడమే కష్టం. మోటరు తిరుగుతున్న చప్పుడు వినిపిస్తుంది, నీళ్లు మాత్రం రావు. వేగం తగ్గితే పంపు నీటిని ఎత్తగల ఎత్తు (హెడ్) అంతకంటే బాగా పడిపోతుంది: 50 హెర్ట్జ్‌లో 100 మీటర్లు ఎత్తేది 40 హెర్ట్జ్‌లో 64 మీటర్లే ఎత్తుతుంది. నీళ్లు మూడు నాలుగు వందల అడుగుల కిందకు దిగిపోయిన మా నేలలో, పొద్దెక్కేదాకా పైపులోంచి చుక్క రాలేదంటే పంపు చెడిపోయిందని కాదు.

పెట్టె చెప్పేవి రెండు రకాలు. ఒకటి హెచ్చరిక: మోటరు తిరుగుతూనే ఉంటుంది, జాగ్రత్తపడమంటుంది. రెండోది ట్రిప్: ఆపేస్తుంది. మే నెల మధ్యాహ్నాల్లో వచ్చే వేడి హెచ్చరికలు చాలావరకు తేలిగ్గానే తీరేవి. ఫ్యాన్ జాలీలో వేరుశనగ పొట్టు, దుమ్ము పేరుకుని ఉంటే దులిపేవాళ్లం. పెట్టెను రేకుకు బిగించి ఉంటే విప్పి, పలకల నీడలోకి, గాలాడే చోటికి మార్చేవాళ్లం. మబ్బు కదిలి వోల్టేజీ పడిపోతే వచ్చే ట్రిప్ మబ్బు పోగానే దానంతటదే సర్దుకునేది.

ప్రాణం తీసేది డ్రై రన్. నీళ్లు అందకపోతే పంపుకు బరువు తగ్గుతుంది, మోటరు లాగే కరెంటు పడిపోతుంది. ఆ తగ్గుదల చూసే పెట్టె ఆపుతుంది. సబ్‌మెర్సిబుల్ మోటరు చుట్టూ పారే నీళ్లతోనే చల్లబడుతుంది. అవి లేకుండా తిరిగితే బేరింగులు అరుగుతాయి, వైండింగు కాలుతుంది. కాలిన మోటరును అంత లోతు నుంచి ఎత్తించి, రివైండింగ్ చేయించి, మళ్లీ దించే ఖర్చు ఆ ఏడాది పంట లేని ఇంటికి మోయరాని అప్పు. అయినా ఊరూరా నన్ను అడిగింది ఒకటే: "ఆ డ్రై రన్ తీసెయ్యప్పా. చీనీ చెట్లు ఎండిపోతాండాయి." వాళ్ల బాధ నాకు తెలుసు. ఏళ్ల తరబడి పెంచిన చీనీ తోట ఒక్క వేసవిలో పోతుంది. అయినా నేను తీసెయ్యలేదు. బోరులో నీళ్లు లేవని చెబుతున్న ఒక్కగానొక్క సాక్షి నోరు నొక్కితే బోరులో నీళ్లు ఊరవు కదా.

బెళుగుప్ప మండలంలో ఒక పెద్దాయన తోట నాకు బాగా గుర్తుంది. నేను వెళ్లేసరికి ఆయన కొడుకు రీసెట్ బటన్ మీద వేలు పెట్టి ఉన్నాడు. ఆగమన్నాను. రీసెట్ కొట్టకముందు తెర మీద ఉన్నది చదవాలి. ట్రిప్ అయిన క్షణాన ఎన్ని హెర్ట్జ్, ఎన్ని ఆంపియర్లు, డీసీ వోల్టేజీ ఎంత అన్నది పాత ట్రిప్పులతో సహా ఆ పెట్టెలో ఉంది. ఆ మెనూ అంతా ఇంగ్లీషులో ఉండడం నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. మబ్బు వల్ల ఆగిన పంపుకూ నీళ్లు లేక ఆగిన పంపుకూ తేడా రైతుకు తెలియకపోతే ఆ హెచ్చరిక ఎవరికోసం?

ముందు పెట్టె ఆపి, కెపాసిటర్లలో కరెంటు దిగేదాకా ఆగి, మోటరు వైర్లు విప్పి, ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పెట్టి చూశాను. వైర్లు విప్పకుండా మెగ్గర్ పెడితే పెట్టె లోపలి భాగాలే పోతాయి. ఇన్సులేషన్ బాగుంది. కేబుల్ జాయింటులో తడి లేదు. తర్వాత పాత ట్రిప్పులు ఒక్కొక్కటే చదివాను. అన్నీ డ్రై రన్‌లే, అన్నీ 47, 48 హెర్ట్జ్ దాటాకే, అన్నీ నడిపొద్దునే.

అది విని పెద్దాయన ఇంట్లోంచి ఒక నోటు పుస్తకం తెచ్చాడు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు కరువు జిల్లాల్లో రైతులకే భూగర్భ జలాలు కొలవడం నేర్పిన పథకం ఒకటి నడిచింది. ఆయన అందులో నేర్చుకున్నవాడు. పథకం ముగిశాక కూడా కొలవడం మానలేదు. పొద్దున నీటి మట్టం ఎంత, పంపు నడిచాక ఎంత, మళ్లీ ఊరడానికి ఎంతసేపు, అన్నీ రాసి ఉన్నాయి. "రాతి సందుల్లో నీళ్లప్పా. నిదానంగా ఊరతాయి. మోటరేమో బిరబిరా లాగేస్తాంది," అన్నాడు.

ఇద్దరం చెట్టు కింద కూర్చుని పెట్టె లెక్కా, పుస్తకం లెక్కా పక్కపక్కన పెట్టి చూశాం. పంపు హెడ్ కాస్త ఎక్కువదే పెట్టి ఉండడం మా అదృష్టం. గరిష్ఠ వేగాన్ని 50 నుంచి 43కు దించాను. డ్రై రన్ తర్వాత మళ్లీ మొదలయ్యే వ్యవధిని, బోరు ఊరడానికి ఆయన పుస్తకం చెప్పినంత పెంచాను. ధార సన్నబడింది. కొడుకు మొహం కూడా. "ఇంత సన్నగా వస్తే తోటెట్ల తడుస్తాది సార్?"

సాయంత్రం దాకా అక్కడే ఉన్నాను. నడిపొద్దు దాటినా పెట్టె ఆగలేదు. అంతకుముందు ధార లావుగా వచ్చి కాసేపటికే గాలి కొట్టేది. ఇప్పుడు తెగకుండా వచ్చింది. పొద్దు వాలేలోగా డ్రిప్పు మీద సగం తోటకు నీళ్లందాయి. మిగతా సగం మరుసటి రోజుకు పెట్టుకున్నారు.

పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించాను. ఏ కోడ్ వస్తే ఏమిటో, ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఫోన్ చేయాలో తెలుగులో రాసి. తర్వాత ఆ చుట్టుపక్కల పెట్టెలన్నింటికీ అలాంటివే రాయాల్సి వచ్చింది. పెద్దాయన తన పుస్తకంలో నీటి మట్టం పక్కన ఇంకో గడి గీసి, దాని పైన "హెర్ట్జ్" అని రాసుకున్నాడు.