అన్నానికీ ఒక బ్యాంకు

పిల్లలూ, డబ్బు దాచే బ్యాంకును మీరు చూసే ఉంటారు. ఆహారానికి కూడా బ్యాంకు ఉన్నదంటే నమ్ముతారా? 1967లో అమెరికాలోని ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన మొదటిది స్థాపించాడు. దుకాణాలవాళ్ళు పారవేసే మంచి సరుకులతో పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి, ఇలాంటిది ఉంటే బాగుండునని ఆయనతో అన్నదట. ఉన్నవారు అందులో వేస్తారు, లేనివారు తీసుకుంటారు.

2022లో ప్రపంచమంతటా 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయిందని ఐక్యరాజ్యసమితి లెక్క. అందులో నూటికి 60 పాళ్ళు ఇళ్ళలోనే! ఇది చదవగానే నాకు మా వంటిల్లు గుర్తుకు వచ్చింది. గిన్నెలో మిగిలిన అన్నం ఇంకొకరికి పెట్టవచ్చు. కంచంలో ఎంగిలిపడినదాన్ని ఏ బ్యాంకూ పుచ్చుకోదు గదా! అందుకే నేను మొదట కొంచెమే వడ్డించుకుని, కావలిస్తే మారు అడుగుతాను. మీరూ అలా చేసి చూడండి. మారు అడగటానికి సిగ్గెందుకు?